కారుమబ్బులు - చిన్న విమానములు

చీరాల చుట్టుపట్ల పల్లెలలో మిరపకాయలను కళ్లమున ఆఱబోసిన రైతు తెల్లవాఱకముందే లేచి సముద్రమువైపు చూచును. గాలి యెటు తిరిగినది, మబ్బు ఏ రంగున నున్నది అని చూచి, ఏమాత్రము అనుమానము కలిగినను కాయలను కుప్పచేసి పట్టాలు కప్పును. ప్రక్క కళ్లమువాడు నవ్వినను కప్పును. వాన రాకపోయినచో ఒక పూట యెండ నష్టము. వచ్చినచో ఏడాది కష్టమంతయు బూజుపట్టిపోవును. వీధిలో పడుగు సాచి గంజిపట్టించు మా చేనేతవారి లెక్కయు నిదియే. చినుకు పడకముందే పడుగు చుట్టువాడు బుద్ధిమంతుడు. పడిన తరువాత చుట్టువాడు అప్పులవాడు.

పెద్దలారా, నేలమీద నున్న మనకు మబ్బును గుఱించి యింత జాగ్రత్త యున్నది. ఆ మబ్బులోనికే చొచ్చిపోవువారికి మాత్ర మొక్కొక్కప్పు డీ జాగ్రత్త లోపించుచున్నది. చిన్న విమానములును, హెలికాప్టరులును కారుమబ్బులలోనో మంచులోనో చిక్కి కూలిన చరిత్ర మన దేశమున కొంత కలదు. అందు మన తెలుగునేలపై జరిగిన భాగమును మీలో ననేకులు కన్నులార చూచినట్లే యెఱుగుదురు. అయినను అది యెట్లు జరిగెను, ఏల జరిగెను అని విచారించినవారు తక్కువ. పుకార్లు విన్నవారే యెక్కువ. నేను విమానము నడిపినవాడను గాను. బడిలో పిల్లలకు వ్యాకరణమును, చరిత్రమును చెప్పినవాడను. చదివి తెలిసికొన్నంతవరకు చెప్పెదను.

మొదట కొంచెము వెనుకకు పోవలయును. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు పుస్ మాత్ అను ఒంటియింజను విమానమును తామే నడుపుకొనుచు, తపాలాసంచులతో కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు అను చోదకుడు ఆ సంచులను బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ విమానములలో నేలతో మాటలాడుటకు రేడియో లేదు. దారిచూపు యంత్రము లేదు. ఏఱులను, కొండలను, ఊళ్లను కంటితో గుఱుతుపట్టుకొనుచు పోవలసినదే. బొంబాయిలో జుహూ వద్దనున్న మైదానము సముద్రపుటొడ్డున నుండుటచే వానకాలమున నీట మునిగెడిది. అప్పుడు టాటావా రేమి చేసిరి? వానకాలము వచ్చినంతనే తమ విమానములను పూనాకు తరలించుకొనిరి. నాలుగు నెలలు గడచినపిదప మఱల జుహూకు వచ్చెడివారు. మన పల్లెలలో లంకభూములవారు వరద వచ్చినపుడు గొడ్లను మెరకకు తోలుకొనిపోయి, వరద తీసినపిదప మరలివచ్చుట లేదా? అట్లే. ఆ కాలపు యంత్రము బలహీనమైనది. అందుచేత మనుష్యుడు ఋతువును లెక్కచేసెను. యంత్రము బలిసినకొలది ఆ లెక్క కొంత సడలినది.

ఇక మేఘమును గుఱించి. మనవారు మేఘశాస్త్ర మెఱుగనివారు గారు. వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున బృహత్సంహితలో మేఘముల గర్భలక్షణమును గుఱించి అధ్యాయములు వ్రాసెను. కాని యాయనకు కావలసినది వాన యెప్పుడు కురియును, ఎంత కురియును అను సంగతి. మేఘములోపల నేమున్నదో పోయి చూచివచ్చినవా రప్పుడు లేరు. నేటివారు చూచినారు. ఉఱుములు మెఱుపులతో గూడిన పెద్దమబ్బును శాస్త్రజ్ఞులు క్యుములోనింబస్ అందురు. మనకు కారుమబ్బనిన చాలును. దాని యడుగు నేలకు ఒకటి రెండు కిలోమీటర్ల యెత్తున నుండును. తల కొన్నివేళల పదునైదు కిలోమీటర్లు దాటును. తిరుమలకొండలను పదునైదింటిని ఒకదానిపై నొకటి పేర్చినను ఆ తల యందదు.

ఆ మబ్బు చూచుటకు దూదికొండవలె నిలిచియుండును. లోపల నిలుకడ లేదు. తడిగల వేడిగాలి నడుమనుండి పైకి ఉఱుకుచుండును. ఆ ప్రక్కనే, పడుచున్న వానయు వడగండ్లును చల్లని గాలిని తమతో క్రిందికి లాగుచుండును. ఒకటి ఎత్తును, ఒకటి త్రోయును. రెండింటి నడుమ నెడము కొలదియే. వాన వచ్చుటకు ముందు మన కళ్లమున దుమ్ము లేపి, తలుపులు కొట్టి, తాటాకులు లేపుకొనిపోవు చల్లని యీదురుగాలిని మీ రందఱు నెఱుగుదురు గదా. అది యెక్కడినుండి వచ్చినది? మబ్బునుండి దిగిన ఆ గాలియే నేలను తాకి నలువైపులకు పాఱినది. నేల నున్నది గనుక మనలను ప్రక్కకు త్రోయును. ఆకాశమున నున్నవానికి అడ్డుగా నేల లేదు. వానిని తిన్నగా క్రిందికే త్రోయును.

పెద్దవిమానములు పదికిలోమీటర్ల యెత్తున పోవుచు, రాడారుతో మబ్బులను ముందుగనే కనిపెట్టి, పదులకొలది మైళ్లు చుట్టు తిరిగియైనను తొలగిపోవును. చిన్నవిమానమున కంత యెత్తు లేదు. అది మబ్బు పాదములయొద్దనే, కొండల తలలయొద్దనే తిరుగవలయును. క్రింద కొండ, పైన మబ్బు. రెండును కలిసిపోయినచో దారి లేదు.

గాలికంటెను మోసకరమైనది మఱొకటి కలదు: కంటికి దారి కనబడకపోవుట. ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుట చూచియుందురు. తిరిగి తిరిగి ఆగినపిదప భూమియే తిరుగుచున్నట్లు తోచి తూలిపడుదురు. చెవిలోపల నీరువంటి ద్రవముతో నిండిన మూడు చిన్న వంకగొట్టములు కలవు. మన దేహ మెటు తిరుగుచున్నదో చెప్పునవి అవియే. మనుష్యుడు తిరుగుట మానినను ఆ ద్రవము కొంతసేపు మానదు. నేలమీద కండ్లు ఆ తప్పును దిద్దును. మబ్బులో కండ్లకు తెల్లదనము తప్ప వేఱేమియు కానరాదు, దిద్దువారు లేరు. విమాన మొకప్రక్కకు ఒరిగి గుండ్రముగా తిరుగుచు దిగిపోవుచున్నను, చోదకునికి తాను తిన్నగా పోవుచున్నట్లే యుండును. గంతలు కట్టిన గానుగెద్దు తాను ఊరుదాటి పోవుచున్నా ననుకొనదా?

1954లో అమెరికాదేశమున ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. సాధనముల సాయమున విమానము నడుపుటలో శిక్షణ లేని యిరువదిమందిని మబ్బులో నున్నట్టి స్థితికి లోనుచేసి చూచిరి. ఇరువదిమందికిని విమానము వశము తప్పినది. సగటున వారు నిలిచిన కాలము 178 సెకనులు, అనగా మూడు నిముషములకు లోపు. తప్పించుకొను ఉపాయము లేకపోలేదు. విమానమున నొక గాజుబిళ్ల వెనుక కృత్రిమమైన దిగంతరేఖ చూపబడుచుండును. తన దేహ మేమి చెప్పినను నమ్మక, ఆ గాజుబిళ్ల చెప్పినదే నమ్మవలయును. దేహమును నమ్మకుండుట వేదాంతులకే కష్టమైన పని. దానికి ఏండ్ల అభ్యాసము కావలయును. 1999 జూలై 16వ తేదీ రాత్రి, అమెరికా అధ్యక్షుడుగా నుండిన కెన్నెడీగారి కుమారుడు చిన్నవిమానమును తానే నడుపుకొనుచు, భార్యతోను వదినగారితోను సముద్రముమీదుగా పోవుచు, మసకకమ్మిన చీకటిలో దిక్కు తెలియక నీటబడి మడిసెను. వాన లేదు, పిడుగు లేదు. నీరేదో ఆకాశ మేదో తెలియలేదు, అంతే.

మన దేశమునకు వత్తము. 2001 సెప్టెంబరు 30వ తేదీన మాధవరావు సింధియాగారు కాన్పూరులో సభకు పోవుటకు ఢిల్లీనుండి ఒక చిన్న ప్రైవేటు విమానమున బయలుదేరిరి. ఉత్తరప్రదేశమున మైన్‌పురి సమీపమున ఉఱుములమబ్బులలో చిక్కి అది కూలినది. ఎనమండ్రు పోయిరి. అందు సింధియాగారితో పోవుచుండిన పత్రికలవారును కలరు.

ఆఱు నెలలైనను గడవలేదు. 2002 మార్చి 3వ తేదీ ఉదయమున లోకసభాధ్యక్షులు జి.ఎం.సి. బాలయోగిగారు భీమవరమునుండి హైదరాబాదునకు ఒక ప్రైవేటు హెలికాప్టరులో బయలుదేరి, కైకలూరు దగ్గఱ కొవ్వాడలంకవద్ద చేపలచెఱువులో పడి మరణించిరి. చోదకుడును, అంగరక్షకుడును వారితోనే పోయిరి. మొదట యంత్రము చెడినదనిరి. ఉదయపు మసకలో చూపు సరిగా ఆనక, దిగుటకు నేలయని తోచినది చెఱువయ్యెనని తరువాత వినవచ్చినది. కొల్లేటి ప్రాంత మెఱిగినవారికి ఇందు ఆశ్చర్య ముండదు. పొలములన్నియు చెఱువులైనపిదప, తెల్లవాఱుజామున గట్టుమీద నడచువానికే నీరెక్కడ నేలయెక్కడ తెలియదు. దళితకుటుంబమున పుట్టి ఆ పీఠ మెక్కిన మొదటివాడు, కోనసీమ బిడ్డ, ఏబదియొక్క ఏండ్లకు లోపే యిట్లు పోవుట మా తరమువారికి తీరని బాధ.

ఇక 2009. ఆ యేడు వానలు మొగము చాటువేసినవి. దేశమంతటను నైరృతి ఋతుపవనపు వర్షము దీర్ఘకాల సగటులో సుమారు 78 శాతము మాత్రమే కురిసినది. పైరులు వేసినవారును, వేయక కూర్చున్నవారును ఒకేరీతిగా ఆకాశమువైపు చూచుచుండిరి. శ్రావణము దాటి భాద్రపదమున మబ్బులు పట్టినపుడు మన కందఱకు ప్రాణము లేచివచ్చినది. సెప్టెంబరు 2వ తేదీన నల్లమలపై కమ్ముకొన్నవి ఆ మబ్బులే.

ఆ దినమున ఉదయము 8 గంటల 38 నిముషములకు ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు చిత్తూరుజిల్లాలో రచ్చబండ కార్యక్రమమును ప్రారంభించుటకు బేగంపేటనుండి బయలుదేరిరి. అంతకు ముందటి యేడే పెద్దవిమానములు శంషాబాదునకు తరలిపోగా, బేగంపేట ప్రభుత్వమువారి ప్రయాణములకును చిన్నవిమానములకును మిగిలియుండెను. వారెక్కినది బెల్ 430 అను రెండింజనుల హెలికాప్టరు. వెంట నుండినవారు ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యంగారు, ముఖ్యభద్రతాధికారి ఏ.ఎస్.సి. వెస్లీగారు, నడిపినవారు ఎస్.కె. భాటియాగారు, ఎం.ఎస్. రెడ్డిగారు. ఈ నాలుగు పేర్లను ఇచ్చట చెప్పుటకు కారణ మున్నది. ఏటేట ఆ దినమున ఒక్కపేరే తలచుకొనుచున్నారు. చనిపోయినవా రైదుగురు.

హైదరాబాదునుండి చిత్తూరునకు తిన్నగా పోవువాడు కృష్ణను దాటి నల్లమలను దాటవలయును. మన పూర్వపు ప్రకాశంజిల్లా పడమటి పల్లెలనుండి చూచినచో నల్లని గోడవలె కనబడు అడవికొండలే అవి. బంగాళాఖాతమునుండి గాని, పడమటినుండి గాని వచ్చు తడిగాలి ఆ కొండవాలును తాకి పైకి లేచును. లేచిన గాలి మబ్బగును. అందుచేతనే క్రింద మైదానమున ఎండ కాయుచున్నను కొండపై వాన కురియుచుండుట అచ్చటివారి కలవాటు. సుమారు 9 గంటల 27 నిముషములకు ఆ హెలికాప్టరు పావురాలగుట్ట వద్ద కొండను గొట్టుకొని ముక్కలైనది.

నాడు మన కేమియు తెలియదు. రేడియోల యొద్ద, దూరదర్శనముల యొద్ద రాష్ట్రమంతయు ఒక పగలు, ఒక రాత్రి కూర్చుండినది. దిగినారనిరి, నడచివచ్చుచున్నారనిరి, ఎక్కడో క్షేమముగా నున్నారనిరి. అడవిలో వాన తెఱపి యియ్యలేదు. నేలపై బలగములు పోయినవి. భూమిని మబ్బుచాటునుండియు చూడగల రాడారు గల సుఖోయ్ యుద్ధవిమానమును గూడ వెదకుటకు పంపిరి. మఱునాటి యుదయమున, 3వ తేదీన, శకలములు కనబడినవి.

తరువాత కేంద్రప్రభుత్వము ఆర్.కె. త్యాగిగారి యాధ్వర్యమున నొక సంఘమును విచారణకు నియమించినది. చోదకుల మాటలను పట్టియుంచు పెట్టె శిథిలములలో దొరకినది. వారు తేల్చిన సంగతిని శ్రద్ధగా వినవలయును. ఏలయనగా పుకార్లలో నిది లేదు. ప్రయాణము నడుమ గేరుపెట్టెలోని నూనె ఒత్తిడి తగ్గినట్లొక హెచ్చరిక కనబడినది. దాని కేమి చేయవలయునో పుస్తకమున వెదకుచు, చోదకులిద్దఱును ఆఱు నిముషములకుపైగా ఆ పనియందే మునిగిపోయిరి. ఆ యాఱు నిముషములలో హెలికాప్టరు కారుమబ్బులోనికి చేరుచున్న సంగతి వారి మనసునకు పట్టలేదు. పట్టునప్పటికి మబ్బునుండి దిగు బలమైన గాలి దానిని క్రిందికి త్రోసినది, వశము తప్పినది. హెలికాప్టరును కూల్చినది నూనె కాదు, గాలి. నూనె చేసినదెల్ల చూపును మరల్చుటయే.

దీనిని చదివినపుడు నాకు మన బండితోలువాడు జ్ఞాపకము వచ్చినాడు. ఊడిన సీల గుఱించి తల వంచి చూచుచుండగా ఎద్దులు బండిని కాలువలోనికి దింపును. సీల ఊడుట నిజమే. కాని బండి ఆపి చూడవలయును. ఆకాశమున ఆపుట లేదు. ఒకరు సీల చూచుచున్నపుడు రెండవవారు దారినే చూడవలయును. ఇద్దఱు చోదకులను పెట్టుట అందుకొఱకే.

మఱి సరిగా నెలకు, అక్టోబరు 2వ తేదీన, అదే నల్లమల నడుమనున్న శ్రీశైలము జలాశయమునకు ఎన్నడు నెఱుగని వరద వచ్చినది. కర్నూలు పట్టణము నీట మునిగినది. కరవని యేడ్చిన యేడే వరదకును ఏడ్చితిమి. ఆకాశము మనకు లెక్క చెప్పి నడువదు.

ఆ దినమున చోదకుల నెవరేని తొందరపెట్టిరని నేను చెప్పుట లేదు. చెప్పుట కాధారమును లేదు. అయినను ఈ కథల నొకచోట పేర్చినపుడు తోచున దొకటి కలదు. సింధియాగారికి కాన్పూరులో సభ. రాజశేఖరరెడ్డిగారికి చిత్తూరుజిల్లాలో రచ్చబండ. 2011 ఏప్రిల్ 30వ తేదీన అరుణాచల ముఖ్యమంత్రి దోర్జీ ఖండూగారు తవాంగునుండి ఈటానగరమునకు పోవుచు మంచుకొండలలో పడిపోయిరి. శకలములు దొరకుటకే నాలుగైదు దినములు పట్టినది. అందఱును గడియ నిర్ణయించుకొని పోవువారే. అవతలి కొసను ఎవరో యెదురుచూచుచుందురు. ఆ యెదురుచూచువారు మనమే గనుక, మన సంగతి కొంచెము చెప్పుకొనవలయును.

1990వ దశకమున నేను చీరాలకు దాపునున్న యొక పల్లె ఉన్నతపాఠశాలలో తెలుగుపండితుడను. కార్తికమాసమున నొకనాడు ఒక నాయకుడు మా యూరికి హెలికాప్టరులో వచ్చునని కబురు వచ్చినది. బడి ఆటస్థలమును చదును చేయించి, సున్నముతో పెద్దవలయము గీయించు పని నాకు పడినది. గాలి వాలు పైకి తెలియుటకు పచ్చిగడ్డి తగులబెట్టి పొగ పెట్టవలయునని అధికారులు చెప్పగా, అదియు సిద్ధము చేసితిమి. చుట్టుపట్ల ఏడెనిమిది పల్లెలనుండి ట్రాక్టరులమీద జనము వచ్చిరి. పూలదండలు వచ్చినవి. పదిగంటలన్నారు, పండ్రెండైనది. తూరుపున సముద్రముమీద మబ్బు లేచి, చూచుచుండగనే తాటితోపులమీదికి వచ్చినది. ఒంటిగంట వేళ హెలికాప్టరు చప్పుడు వినబడినది. పిల్లలు కేకలు వేసిరి. మబ్బుపైన ఒకమారు చప్పుడు తిరిగినది, రెండవమారు తిరిగినది. యంత్రము మాత్రము కనబడలేదు. పిమ్మట చప్పుడు దూరమైపోయినది. కొంతసేపటికి వాన కొట్టినది.

తడిసిన జనమునకు కోపము వచ్చుట సహజమే. బయలుదేరినచోటికే హెలికాప్టరు క్షేమముగా చేరినదనియు, దిగుటకు వీలు లేదని చోదకుడే వెనుకకు మరలించెననియు సాయంకాలమునకు తెలిసినది. "ఇంత దూరము వచ్చి దింపలేకపోయినాడు, పిఱికివాడు" అని ఊరి పెద్దలే రచ్చబండ దగ్గఱ అనిరి. నాయకునికిని కోపము వచ్చెనని చెప్పుకొనిరి. నేనేమి తక్కువ తిన్నానా? మఱునాడు తరగతిలో ధైర్యమును గుఱించి పాఠము చెప్పుచు, ఆ చోదకుని నుదాహరణముగా చూపి పిల్లలను నవ్వించితిని.

2009 సెప్టెంబరు 3వ తేదీ ఉదయమున పావురాలగుట్ట వార్త విన్నపుడు ఆ సున్నపు వలయము నా కండ్ల కట్టినది. ఆ వేళ నాతో నవ్విన పిల్లలలో కొందఱ కప్పటికే పిల్లలు కలిగియుండిరి; వారు నాకు కనబడినపుడు ఆ మాట యెత్తి, నేను చెప్పినది తప్పని చెప్పితిని. ఒకడు, "మాస్టరుగారూ, ఆయన పేరేమి?" అని యడిగినాడు. ఆ చోదకుని పేరు మా యూర నెవ్వరును కనుగొనలేదు. నేనును కనుగొనలేదు.